మార్కు పథకానికా, మదింపుకా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ప్రభుత్వ, స్వచ్ఛంద కార్యక్రమాల మూల్యాంకనం, అంటే అవి పనిచేశాయో లేదో తేల్చే మదింపు గురించి అడిగినవి ఎక్కువగా ఉన్నాయి. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబిస్తున్నాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: అనంతపురం జిల్లాలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. కిశోర బాలికల్లో రక్తహీనత తగ్గించడానికి మూడేళ్ళు ఒక కార్యక్రమం నడిపి, బయటివారి చేత మూల్యాంకనం చేయించాం. వారు చాలా శ్రద్ధగా పనిచేశారు కానీ, రక్తహీనత చెప్పుకోదగినంత తగ్గలేదని తేల్చారు. ఇప్పుడు మాకు నిధులిచ్చే సంస్థ ఒకటి ఉత్తమ మూల్యాంకనానికి గుర్తింపు ఇస్తామంటూ నివేదికలు పంపమంది. ఫలితం రాని కార్యక్రమం నివేదికను పంపితే నవ్వుల పాలవుతామని మా కార్యదర్శి అంటున్నారు. అసలు ఉత్తమ మూల్యాంకనమని దేన్ని చూసి నిర్ణయిస్తారు?

జవాబు: పంపండి. మీ కార్యదర్శి గారు రెండు వేర్వేరు మార్కులను ఒకటిగా చూస్తున్నారు. పథకం బాగా పనిచేసిందా అన్నది ఒక మార్కు, ఆ సంగతిని నమ్మదగిన రీతిలో తేల్చారా అన్నది మరో మార్కు. ధాన్యానికి తరుగు వచ్చిందని కాటాను తప్పుపట్టం. కాటా సరిగ్గా ఉందో లేదో వేరే రాయి పెట్టి చూసుకుంటాం. మూల్యాంకనానికి గుర్తింపు ఇచ్చేవారు చూడవలసింది కాటాను. దురదృష్టవశాత్తూ మన దగ్గర ఇలాంటి గుర్తింపులు చాలాసార్లు ఫొటోలు బాగున్న విజయగాథలకే దక్కుతుంటాయి.

హైదరాబాద్‌లోనే జరిగిన ఒక అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. సూక్ష్మ రుణాలు పేద కుటుంబాల జీవితాన్ని మార్చేస్తాయన్న నమ్మకం గట్టిగా ఉన్న 2005 ప్రాంతంలో, నగరంలోని 104 బస్తీలను ఎంచుకుని, వాటిలో లాటరీ ద్వారా తేలిన 52 బస్తీల్లో ఒక రుణ సంస్థ ముందుగా శాఖలు తెరిచేలా, మిగిలినవాటిలో ఆ తరువాత తెరిచేలా ఏర్పాటు చేశారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, రేచెల్ గ్లెనర్‌స్టర్, సింథియా కినన్ ఆ కుటుంబాలను ఏళ్ళ తరబడి గమనించారు. కొందరు చిన్న వ్యాపారాల మీద మరికొంత పెట్టుబడి పెట్టారు, ఇంట్లోకి మన్నికైన సామాను కొనుక్కున్నారు; అయితే మొత్తం మీద కుటుంబ వినియోగంలో గానీ, పిల్లల చదువులో గానీ, ఆరోగ్యంలో గానీ, ఇంటి నిర్ణయాల్లో స్త్రీల మాట చెల్లుబాటులో గానీ గట్టిగా చెప్పదగిన మార్పు కనిపించలేదు. ఆ రోజుల్లో ఇది చాలామందికి చేదు మాటే. అయినా ఆ అధ్యయనాన్ని ఇప్పటికీ పాఠంగా చెప్పుకుంటున్నారంటే కారణం దాని ఫలితం కాదు. ఏ ఫలితం వచ్చినా దాన్ని కాదనలేని విధంగా పోలికను ముందే కట్టుకున్నారు కనుక.

పోలిక అనే ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. మూడేళ్ళ కిందట ఇంత, ఇప్పుడు ఇంత అని చెప్పడం మూల్యాంకనం కాదు. ఆ మూడేళ్ళలో వానలు బాగా పడి ఉండవచ్చు, కూలి రేట్లు పెరిగి ఉండవచ్చు, బడిలో ఇనుము మాత్రలు ఇచ్చే మరో కార్యక్రమం మొదలై ఉండవచ్చు. మీ కార్యక్రమం లేకపోయి ఉంటే ఆ బాలికల స్థితి ఎలా ఉండేదన్నది ఎవరూ చూడలేరు. చూడలేనిదాన్ని అంచనా కట్టడంలోనే ఈ వృత్తి నేర్పు అంతా ఉంది. మీ నివేదికలో మీ కార్యక్రమం అందని పోలిక గ్రామాలు ఉన్నాయా, వాటిని ఎవరు, ఎప్పుడు, ఏ పద్ధతిలో ఎంచారన్నది నిర్ణేతలు మొదట చూడాలి. కార్యక్రమం సరిగా నడవని గ్రామాలను చివరి లెక్కలోంచి తీసేయలేదు కదా అన్నది తరువాత చూడాలి.

ఇక కొలత సంగతి. రక్తహీనత అన్నారు కనుక అడుగుతున్నాను: హిమోగ్లోబిన్ ఎలా కొలిచారు? వేలి కొసన సూదితో గుచ్చి రక్తపు బొట్టు తీసే పద్ధతిలో బొట్టు సులువుగా రానప్పుడు వేలిని గట్టిగా పిండితే, కణజాలంలోని ద్రవం కూడా కలిసి అంకె తక్కువగా చూపే ప్రమాదం ఉంది. పిండవద్దని శిక్షణ ఇచ్చారా, మొదటి బొట్టు తుడిచేశారా, కొద్దిమందికైనా సిర నుంచి తీసిన రక్తంతో సరిపోల్చారా అన్న వివరాలు నివేదికలో ఉంటే, నా దృష్టిలో అది సగం పరీక్ష గట్టెక్కినట్టే. చాలా నివేదికల్లో ఈ వివరాలు అనుబంధంలోకి కూడా ఎక్కవు.

కొలత గురించి ఇంత పట్టుదల ఎందుకో చెప్పడానికి స్వానుభవం ఒకటి. చాలా ఏళ్ళ క్రితం ఒక పోషకాహార పథకం మదింపులో భాగంగా ఒక అంగన్‌వాడీ కేంద్రంలో పిల్లల బరువుల రిజిస్టరు తిరగేశాను. ముప్పయ్యొక్క మంది పిల్లల బరువులూ అయితే నిండు కిలోలతో, లేకపోతే అరకిలోతో ముగిశాయి. ఇంకా చిత్రం, నాలుగు నెలలుగా ప్రతి బిడ్డా నెలకు సరిగ్గా రెండు వందల గ్రాముల చొప్పున పెరిగినట్టు మరో పట్టికలో ఉంది. టీచరును గద్దించకుండా, కాటా చూపించమ్మా అని అడిగాను. దూలానికి వేలాడదీసే కాటా కొక్కెం విరిగిపోయి ఉంది. "రాసి పంపించాం సార్, కొత్తది రాలేదు. ఇరవై అయిదో తారీకు కల్లా అంకెలు పైకి వెళ్ళకపోతే మెమో వస్తుంది" అంది. ఆవిడ చేతిలో కాటా లేదు, ఫారం మాత్రం ఉంది. ఒక అంకె మీద నిర్ణయాలు ఆధారపడుతున్నకొద్దీ ఆ అంకె చెడిపోయే ఒత్తిడి పెరుగుతుందని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970లలో చెప్పిన సూత్రం ఆ విరిగిన కొక్కెం దగ్గర నాకు పూర్తిగా అర్థమైంది. ఆ నెల మా నివేదికలో బరువుల అధ్యాయాన్ని తీసేసి, ఎందుకు తీసేశామో రాశాం. ఆ నివేదికకు ఏ గుర్తింపూ రాలేదనుకోండి.

కాబట్టి దరఖాస్తులో ఫలితాన్ని దాచకండి, దాని కోసం క్షమాపణా చెప్పకండి. ఏం కొలవాలో ముందే రాసుకున్న పత్రం ఉంటే జతచేయండి. నివేదిక వచ్చాక మీ సంస్థ ఏం మార్చుకుందో ఒక పేజీ రాయండి. ఏమీ మార్చుకోకపోతే మాత్రం లోపం నివేదికది కాదు.

ప్రశ్న: వరంగల్‌లో ఎం.ఎ. ఆర్థికశాస్త్రం చదువుతున్నాను. మూల్యాంకన రంగంలో ప్రతిభకు ప్రపంచంలో ఎలాంటి గుర్తింపులు ఉన్నాయి? వాటికి ప్రమాణాలంటూ ఉన్నాయా?

జవాబు: ఈ వృత్తికి పెద్ద సంఘాల్లో ఒకటైన అమెరికన్ ఎవాల్యుయేషన్ అసోసియేషన్ 1986లో రెండు పాత సంఘాల కలయికతో ఏర్పడింది. అది ఇచ్చే అవార్డుల పేర్లు చూస్తేనే ఈ రంగం ఎన్ని రకాల పనులను గౌరవిస్తుందో తెలుస్తుంది. సిద్ధాంతానికి చేసిన సేవకు సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ పేరిట, క్షేత్ర ఆచరణకు ఆల్వా, గున్నార్ మిర్డాల్ దంపతుల పేరిట, వృత్తిలోకి కొత్తగా వచ్చి ఆశ కలిగిస్తున్నవారికి మార్షియా గుటెన్‌టాగ్ పేరిట అవార్డులు ఉన్నాయి. ఒక ప్రత్యేక మూల్యాంకనానికే ఇచ్చే అవార్డు వేరుగా ఉంది. మిర్డాల్ దంపతులు మనకు దూరపువారేమీ కారు. స్వీడన్‌కు చెందిన ఆల్వా 1950లలో మన దేశంలో ఆ దేశపు రాయబారిగా పనిచేశారు, గున్నార్ దక్షిణాసియా పేదరికం మీద ఏళ్ళ తరబడి పరిశోధించారు. ఆయనకు 1974లో అర్థశాస్త్రంలో, ఆమెకు 1982లో శాంతికి నోబెల్ బహుమతులు వచ్చాయి.

ప్రమాణాల విషయానికొస్తే, అమెరికాలో విద్యా మూల్యాంకనానికి సంబంధించిన సంస్థలన్నీ కలిసి ఏర్పరచుకున్న ఉమ్మడి కమిటీ 1981లో నాలుగు గుణాలను నిర్ణయించింది: ఉపయోగం, సాధ్యత, ఔచిత్యం, కచ్చితత్వం. తరువాతి కాలంలో మూల్యాంకనం తనకు తాను జవాబుదారీ కావాలన్న అయిదో గుణం చేరింది. వరస గమనించండి, ఉపయోగం ముందుంది, కచ్చితత్వం చివరకు వచ్చింది. ఎంత కచ్చితమైన నివేదిక అయినా ఎవరికీ పనికిరాకపోతే ఎందుకన్నది వారి ఆలోచన. మన విశ్వవిద్యాలయాల్లో పరీక్షకులు ఈ వరసను తలకిందులు చేసి చూస్తారన్నది నా ఫిర్యాదు.

అన్నిటికన్నా పెద్ద గుర్తింపు 2019లో వచ్చింది. ప్రపంచ పేదరికాన్ని తగ్గించే మార్గాలను ప్రయోగాల ద్వారా పరీక్షించిన పద్ధతికి గాను బెనర్జీ, డఫ్లో, మైఖేల్ క్రెమర్‌లకు నోబెల్ ఇచ్చారు. రెండేళ్ళకు, 2021లో, లాటరీ వేయడం వీలుకాని చోట సహజంగా ఏర్పడిన పోలికలను వాడుకునే పద్ధతులకు డేవిడ్ కార్డ్, జాషువా ఆంగ్రిస్ట్, గైడో ఇంబెన్స్‌లను గౌరవించారు. న్యూజెర్సీలో 1992లో కనీస వేతనం పెరిగినప్పుడు, పెరగని పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాతో పోల్చి, ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ళలో ఉద్యోగాలు తగ్గలేదని కార్డ్, అలన్ క్రూగర్‌తో కలిసి చూపిన అధ్యయనం చదవండి. ఎం.ఎ. స్థాయికి అది చక్కగా సరిపోతుంది.

ప్రశ్న: గుంటూరు. విశ్రాంత ప్రధానోపాధ్యాయుణ్ణి. లాటరీ వేసి కొన్ని ఊళ్ళకు పథకం ఇచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా ఉంచి, ఆ తరువాత ఇద్దరినీ పోల్చడం పేదల మీద ప్రయోగం కాదా? దీనికి బహుమతులా?

జవాబు: మీ అభ్యంతరం తీసిపారేయదగింది కాదు. పని చేస్తుందని ముందే తెలిసిన మందునో, చట్టబద్ధమైన హక్కునో లాటరీ పేరుతో ఆపితే అది తప్పే, ఎంత పెద్ద ప్రొఫెసర్ చేసినా తప్పే. కానీ చాలా సందర్భాల్లో ప్రభుత్వానికి అందరికీ ఒకేసారి ఇచ్చే శక్తి ఉండదు. అప్పుడు ఎవరికి ముందు అన్న ప్రశ్నకు జవాబు సాధారణంగా ఏదో ఒక పలుకుబడి చెబుతుంది. పలుకుబడి స్థానంలో లాటరీ వేయడం అన్యాయమని నేను అనుకోను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీకీ, పింఛన్లకూ వేలిముద్రలతో పనిచేసే స్మార్ట్‌కార్డులు తెచ్చినప్పుడు జరిగింది అదే. ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తరువాత అన్నదాన్ని లాటరీతో నిర్ణయించడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ 157 మండలాల్లో, కోటీ 90 లక్షల జనాభా ఉన్న ప్రాంతంలో దాన్ని పరిశీలించారు. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ముందు వంతు వచ్చిన మండలాల్లో కూడా కార్డుల పని పూర్తిగా జరగలేదు. దాదాపు సగం చెల్లింపులే కొత్త పద్ధతిలోకి మారాయి. పని జరిగిన ఊళ్ళను మాత్రమే లెక్కలోకి తీసుకుని ఉంటే ఫలితం ఇంకా ధగధగలాడేది. వారు అలా చేయలేదు, జరిగినవీ జరగనివీ కలిపి లెక్క కట్టారు. అయినా కూలీ డబ్బు ముందుకన్నా త్వరగా చేరిందనీ, మధ్యలో కారిపోయేది తగ్గిందనీ, కూలీలకు ఆదా అయిన సమయం విలువ ఒక్కటే ఆ ఏర్పాటు ఖర్చుకు సరిపోయిందనీ తేలింది. కింది స్థాయి అధికారుల నుంచి ఫిర్యాదులు వస్తున్నాయి కనుక ఈ కార్డులు ఎత్తేద్దామన్న ఆలోచన ఒక దశలో వచ్చినప్పుడు, లబ్ధిదారుల్లో నూటికి తొంభై మందికి పైగా కొత్త పద్ధతినే కోరుకుంటున్నారన్న సర్వే లెక్క దాన్ని నిలబెట్టడానికి తోడ్పడింది. పైకి చేరే గొంతులు ఎవరివన్న ప్రశ్న కూడా మూల్యాంకనంలో భాగమే, మాస్టారూ.

మీరు ఉపాధ్యాయులు కనుక ఇంకొకటి. విద్యార్థుల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు బోనస్ ఇస్తే ఏమవుతుందన్నది కూడా మన రాష్ట్రపు గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లోనే పరీక్షించారు. మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, రెండేళ్ళ తరువాత బోనస్ ఉన్న బడుల పిల్లలు లేని బడుల పిల్లలకన్నా గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల (పిల్లల మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలమానం) మేర ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సులో, సాంఘికశాస్త్రంలో కూడా వెనకబడలేదు సరికదా, మెరుగ్గానే ఉన్నారు. పరీక్ష కోసం మాత్రమే చెప్పి ఉంటారన్న అనుమానానికి జవాబు వెతకడానికే ఆ రెండు సబ్జెక్టులనూ పరీక్షించారు. తమ ఫలితాన్ని తామే అనుమానించి చూసుకున్న ఈ జాగ్రత్తకు నేనైతే ఎక్కువ మార్కులు వేస్తాను.

ప్రశ్న: ఖమ్మం జిల్లా. రైతును. ఇలాంటి నివేదికలన్నీ చివరికి బీరువాల్లోకే కదా వెళ్ళేది? ఒక్కదానివల్లనైనా మాలాంటివాళ్ళకు ఒరిగిందా?

జవాబు: బీరువాల మాట నిజం. స్వాతంత్ర్యానంతరం మన దేశం ఈ పనిని చాలామందికన్నా ముందే మొదలుపెట్టింది. గ్రామాల అభివృద్ధికి తెచ్చిన సమాజ వికాస పథకం మొదలైన 1952లోనే, దాన్ని మదింపు చేయడానికి ప్రణాళికా సంఘంలో ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్ ఆర్గనైజేషన్ ఏర్పడింది. పథకంలో ప్రజల పాత్ర నామమాత్రంగా ఉందని ఆ సంస్థ మొహమాటం లేకుండా రాసింది. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ మూడంచెల పంచాయతీరాజ్‌ను సిఫారసు చేసిందీ, 1959లో ఆంధ్రప్రదేశ్ దాన్ని అమలు చేసిందీ ఆ లోటును పూడ్చాలనే. ఆ తరువాతి దశాబ్దాల్లో ఆ సంస్థ మాట మెల్లగా వినబడకుండా పోయింది. 2015 తరువాత ఆ పని నీతి ఆయోగ్‌లోని ఒక కార్యాలయం చేతికి వెళ్ళింది.

మీకు దగ్గరి ఉదాహరణ చెబుతాను. 2018లో రైతుబంధు మొదటి విడతగా ఎకరానికి 4,000 రూపాయల చొప్పున చెక్కులు పంచడం మీకు గుర్తుండే ఉంటుంది. లాటరీలో తేలిన కొన్ని మండలాల్లో అధికారులకు ముందే ఒక మాట చెప్పారు: చెక్కు అందిందా లేదా అని రైతులకు ఫోన్ చేసి అడుగుతాం. మిగతా మండలాల్లో ఆ మాట చెప్పలేదు. చెప్పిన చోట, డబ్బు అందకుండా మిగిలిపోయిన రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. ఈ విధంగా అదనంగా రైతు చేతికి చేరిన ప్రతి వంద రూపాయలకూ అయిన ఖర్చు 3 రూపాయల 60 పైసలు. కొత్త సిబ్బంది లేరు, కొత్త భవనం లేదు, అడుగుతారన్న భయం ఒక్కటే పనిచేసింది. ఇక్కడ మదింపు పథకం అయిపోయాక రాసిన రిపోర్టు కాదు, కొలవడమే పథకంలో భాగమైంది.

ఉపాధి హామీలో సామాజిక తనిఖీని కూడా ఈ వరసలోనే చెప్పాలి. అనంతపురం జిల్లా బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మొదలైంది. అదే ఏడాది నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కూలీ కుటుంబాల యువతీ యువకులకు శిక్షణ ఇచ్చి, వారిని పక్క ఊళ్ళకు పంపి, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ తిరిగి చదివి వినిపించే పద్ధతి వచ్చింది. ఆ పనికోసమే 2009లో ఒక స్వతంత్ర సొసైటీ ఏర్పడింది. "ఇదిగో నీ పేరు మీద పన్నెండు రోజులున్నాయి, చేశావా అమ్మా?" అని గడపలో కూర్చుని అడిగే ఆ అమ్మాయి చేసేది కూడా మూల్యాంకనమే, నోబెల్ కమిటీల దృష్టి అంత దూరం రాదు. అయితే దాన్నీ మదింపు చేసినవారున్నారు. కూలీ చెల్లింపుల్లో అక్రమాలు పెద్దగా తగ్గలేదనీ, సులువుగా పట్టుబడని సామగ్రి బిల్లుల వైపు అవి పెరిగాయనీ పరిశోధకులు ఫర్జానా అఫ్రీదీ, వెగార్డ్ ఇవర్సన్ రాష్ట్రంలోని తనిఖీ నివేదికలనే చదివి చూపించారు. తప్పు పట్టడం ఒక పని, శిక్ష పడేలా చూడడం మరో పని; రెండోది తనిఖీ చేసేవారి చేతిలో లేదు.

ప్రశ్న: తిరుపతి. సర్వేలకు ఇన్వెస్టిగేటరుగా తిరుగుతాను. ఎండలో ఇల్లిల్లూ తిరిగేది మేము, పేర్లు మాత్రం పైవాళ్ళవి. మా పనికి గుర్తింపు ఎప్పుడు?

జవాబు: న్యాయమైన ప్రశ్న. తాళం వేసిన ఇంటికి మూడోసారి వెళ్ళారా, లేక పక్కింటివారిని అడిగి నింపేశారా అన్నదాని మీదే పైవాళ్ళ పట్టికలన్నీ నిలబడతాయి. మంచి మూల్యాంకన బృందాలు కొన్ని ఇళ్ళకు మరో మనిషిని పంపి అవే ప్రశ్నలు మళ్ళీ అడిగిస్తాయి, బ్యాక్‌చెక్ అంటారని మీకు తెలుసు. మీరు దాన్ని నిఘాగా చూస్తూ ఉండవచ్చు. కానీ మీ పనిని మీ పేరు మీద కొలిచే లెక్క అదొక్కటే. సర్వే ముగిశాక మీ బ్యాక్‌చెక్‌లో ఎన్ని ఇళ్ళు సరిపోయాయో, ఎన్ని తేడా వచ్చాయో రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. తరువాతి సర్వేలో కూలీ మాట్లాడుకునేటప్పుడు ఆ కాగితం మాటకన్నా ఎక్కువ పలుకుతుంది. నివేదికలో ఇన్వెస్టిగేటర్ల పేర్లు వేయమని ఒప్పంద సమయంలోనే అడగండి. ముగిశాక అడిగితే అచ్చు అయిపోయిందంటారు. ఇక మీరు అంచుల్లో రాసే పెన్సిలు మాటలు, "ప్రశ్న అర్థం కాలేదు", "భర్త పక్కన కూర్చున్నాడు, నిజం చెప్పలేదనిపించింది" లాంటివి, టాబ్‌లు వచ్చాక మాయమయ్యాయి. ప్రతి ఫారం చివర వ్యాఖ్యకు ఒక గడి పెట్టమని మీ సూపర్‌వైజరుకు చెప్పండి. అనంతపురం నివేదిక లాంటివి నిర్ణేతగా నా ముందుకు వస్తే, నేను మొదట తిరగేసేది ఆ గడినే.